చలిదేశపు అడవి బెర్రీలు: విత్తనం నుంచి కాపు దాకా

కెనడాలోని ఎడ్మంటన్, కాల్గరీ, రెజీనా, విన్నిపెగ్ లాంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువాళ్ల పెరటి సాగు మూడున్నర నెలల ముచ్చట. మే చివర్లో గోంగూర, టమాటా, బెండ నాటుతారు. సెప్టెంబరులో తొలి మంచు పడగానే అన్నీ పీకి పారేస్తారు. అదే ఊళ్లో నది ఒడ్డున, పొలం గట్ల మీద సాస్కటూన్ పొదలు ఎవరూ నీళ్లు పోయకుండానే మైనస్ 40 చలిని తట్టుకుని ప్రతి జులైలోనూ కాస్తుంటాయి. క్రీ, బ్లాక్‌ఫుట్ లాంటి ఆదివాసీ జాతుల వాళ్లు ఈ పండ్లను వందల ఏళ్లుగా ఎండబెట్టి దాచుకుంటున్నారు. ఎండిన బైసన్ మాంసం, కొవ్వుతో కలిపి చేసే పెమ్మికన్‌లో ఇవి కూడా పడేవి.

సాస్కటూన్, హాస్కాప్ (పొడుగాటి నీలి పండ్ల పొద) మొక్కలు నర్సరీల్లో దొరుకుతాయి. బఫెలోబెర్రీ, నానీబెర్రీ, మంచి రకం హైబుష్ క్రాన్‌బెర్రీ మాత్రం అడిగినా అరుదుగానే ఉంటాయి. ఉన్నా ఒక్కో మొక్క ధరకు పది కుండీల మట్టి వస్తుంది. ఓపిక ఉంటే విత్తనమే మేలు. గింజలు నాటాను, ఒక్కటీ మొలవలేదు అనే మాట తరచూ వినబడుతుంది. చాలాసార్లు ఆ గింజలో లోపమేమీ ఉండదు. దానికి కావలసిన చలి, కావలసినంత కాలం, కావలసిన క్రమంలో అంది ఉండదు, అంతే.

గింజ ఎందుకు మొలవదు

సాస్కటూన్ పండు జులైలో పండుతుంది. పిట్ట తిని రెట్ట వేసిన గింజ వెంటనే మొలిస్తే ఆ లేత మొక్కకు అక్టోబరులోనే ఆయుష్షు తీరిపోతుంది. అందుకే గింజలో మొలకను ఆపే పదార్థాలు ఉంటాయి. అబ్సిసిక్ ఆమ్లం వాటిలో ముఖ్యమైనది. తడిగా, చల్లగా ఉన్నప్పుడు దాని ప్రభావం మెల్లగా తగ్గుతుంది, మొలకెత్తించే హార్మోన్ల పని పెరుగుతుంది. ఈ నిద్రను పుస్తకాల్లో సుప్తావస్థ అంటారు. దాన్ని చలితో వదిలించే పద్ధతి పేరు స్ట్రాటిఫికేషన్. ఇక్కడ దాన్ని చలి పెట్టడం అనే అంటాను.

గింజకు మూడూ ఒకేసారి కావాలి: తడి, గాలి, 1 నుంచి 5 డిగ్రీల చలి. పొట్లంలో పొడిగా ఉన్న గింజను ఆరు నెలలు ఫ్రిజ్‌లో పెట్టినా ఒక్కరోజు చలి కూడా లెక్కలోకి రాదు. ఫ్రీజర్‌లో పెట్టినా అంతే. గడ్డకట్టిన గింజలో ఏ మార్పూ జరగదు. ఇంత చలిదేశంలో ఉన్నాం, డిసెంబరులో బయట పడేస్తే చాలదా అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. మైనస్ 25లో గడిచిన రోజులు పనికొచ్చే రోజులు కావు. సెప్టెంబరు, అక్టోబరుల్లో నేల చల్లబడే వారాలు, మంచు దుప్పటి కింద నేల సున్నా దగ్గర నిలిచే రోజులు, మార్చి, ఏప్రిల్‌లలో కరిగే వారాలు, గింజ లెక్కపెట్టుకునేది వీటినే.

ఏ మొక్కతో మొదలుపెట్టాలి

మొదటిసారి అయితే హాస్కాప్ తీసుకోండి. కెనడా ఉత్తరపు అడవుల్లో, తడి నేలల్లో సహజంగా పెరిగే మొక్కే ఇది. తోటల్లో పెంచే రకాలు మాత్రం రష్యా, జపాన్, కురిల్ దీవుల మూలాల నుంచి వచ్చాయి. సాస్కచెవాన్ విశ్వవిద్యాలయంలో బాబ్ బోర్స్ బృందం వీటి మీద చాలా పని చేసింది. టండ్రా, బొరియాలిస్, అరోరా లాంటి పేర్లు అక్కడివే. దీని గింజకు సాధారణంగా చలి అక్కర్లేదు. పండులోంచి తీసి, కడిగి, మట్టి మీద చల్లి, పైన కప్పకుండా వెలుతురులో ఉంచితే కొన్ని వారాల్లో మొలుస్తుంది. పూలు మైనస్ 7 దాకా ఓర్చుకుంటాయి కాబట్టి మే నెల మంచుకూ కాపు పోదు. ఒక్కటే షరతు: జంట ఉండాలి, అదీ రక్తసంబంధం లేని జంట. వేర్వేరు తల్లి మొక్కల గింజలు వేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

రెండో మెట్టు సాస్కటూన్. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే, ఎందుకంటే కష్టానికి తగిన ఫలం దానిలోనే ఎక్కువ. చూడ్డానికి బ్లూబెర్రీలా ఉంటుంది కానీ ఆపిల్ కుటుంబం, కొరికితే గింజల దగ్గర బాదం వాసన తగులుతుంది. ఒక్క మొక్క ఉన్నా కాస్తుంది. ఇంకో సుగుణం, గింజ మొక్కలు చాలావరకు తల్లిని పోలి ఉంటాయి. స్మోకీ, థీసెన్ లాంటి మంచి రకం పండులోంచి తీసిన గింజ మరీ నిరాశపరచదు. హాస్కాప్‌కు ఈ భరోసా లేదు, పిల్లలన్నీ తలో రకం.

గోల్డెన్ కరంట్ కూడా తేలికే. రెండు మూడు నెలల చలి చాలు, పసుపు పూలకు లవంగం వాసన వస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం ముందు తమ రాష్ట్ర నియమాలు చూసుకోవాలి. కరంట్ జాతి మొక్కలు తెల్ల పైన్ చెట్లకు వచ్చే ఒక తుప్పు తెగులుకు ఆశ్రయమిస్తాయి. అందుకే మెయిన్ లాంటి రాష్ట్రాల్లో ఇప్పటికీ ఆంక్షలున్నాయి.

చోక్‌చెర్రీకి నాలుగైదు నెలల చలి కావాలి. దాని గింజల్లో, ఆకుల్లో సయనైడ్ పుట్టించే పదార్థాలుంటాయి. గుజ్జు తినొచ్చు, గింజ నమలకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే నేనైతే దాని జోలికి పోవద్దంటాను. బఫెలోబెర్రీ, హైబుష్ క్రాన్‌బెర్రీ, నానీబెర్రీ ఇంకాస్త మొండివి. వాటి సంగతి విడిగా చెబుతాను.

పండ్లు ఎక్కడ కోసుకోవాలి

మీ ఊరికి దగ్గర్లో పెరిగిన మొక్క గింజే మీకు మంచిది. ఇది మాటవరసకు చెప్పేది కాదు. ఒకే జాతి మొక్క అయినా వెచ్చని ప్రాంతపు గింజ నుంచి వచ్చిన పిల్ల ఆగస్టు దాటినా చిగుళ్లు వేస్తూ ఉంటుంది, చలికి సిద్ధపడేసరికి ఆలస్యమవుతుంది, కొమ్మలు మాడిపోతాయి. ఆన్‌లైన్‌లో గింజలు కొంటే ఎక్కడ సేకరించారో అడగండి. చెప్పలేని అమ్మకందారుని వదిలేయండి.

సాస్కటూన్‌కు అన్నిటికన్నా సులువైన దారి యూ-పిక్ తోటలు, అంటే మనమే కోసుకుని డబ్బు కట్టే తోటలు. జులైలో ఆల్బర్టా, సాస్కచెవాన్‌లలో చాలా చోట్ల ఉంటాయి. పిల్లలతో వెళ్లి బకెట్ నింపుకుని, అందులో బాగా మగ్గిన పిడికెడు పండ్లను గింజలకు పక్కన పెట్టుకోండి. ఎరుపు ఇంకా పోని పండు వద్దు, ముదురు ఊదా రంగుకు తిరగాలి. జామ్‌లోంచి, ఉడికిన పండులోంచి తీసిన గింజ మొలవదు.

అడవిలో కోసుకునేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. బ్యాన్ఫ్, జాస్పర్ లాంటి జాతీయ ఉద్యానవనాల్లో పండు కూడా కోయకూడదు, అది నేరం. ప్రైవేటు స్థలమైతే యజమానిని అడగాలి. పొదలో ఉన్నదంతా ఊడ్చేయకూడదు, కొద్దిగా తీసుకుని మిగతాది వదిలేయాలి. ఎలుగుబంట్ల సంగతి వేరే చెప్పాలి. రాకీ పర్వతాల వైపు బఫెలోబెర్రీయే గ్రిజ్లీల ప్రధాన ఆహారం. సీజన్‌లో ఒక్క ఎలుగు రోజుకు రెండు లక్షల పండ్ల దాకా తినగలదని పార్క్స్ కెనడా వాళ్లు చెబుతారు. ఎర్రగా కాసిన బఫెలోబెర్రీ పొదల మధ్యకు ఒంటరిగా, చప్పుడు లేకుండా వెళ్లడం తెలివైన పని కాదు.

ఎర్రపండు కనబడిందని కోసేయకండి. అదే అడవి నీడలో బేన్‌బెర్రీ అనే విషపు మొక్క ఉంటుంది. అది నడుమెత్తు దాటని మెత్తని మొక్క, పండులో చాలా గింజలుంటాయి. హైబుష్ క్రాన్‌బెర్రీ మనిషెత్తు పొద, ఆకు మూడు పాయలుగా మేపుల్ ఆకులా ఉంటుంది, పండులో ఒకే ఒక చదునైన గింజ. పోల్చుకోలేకపోతే కోయొద్దు.

గింజ తీసి శుభ్రం చేయడం

గుజ్జులోనే మొలకను ఆపే గుణం ఉంటుంది, పైగా బూజుకు అదే మేత. కాబట్టి ఈ పని అలసత్వంతో చేయకూడదు.

1. పండ్లను గిన్నెలో వేసి, మునిగేలా నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి.
2. చేత్తో చింతపండు పిసికినట్టు పిసకండి. మిక్సీ వాడొద్దు. దాని బ్లేడు సాస్కటూన్ గింజలను తరిగేస్తుంది.
3. పెద్ద గిన్నెలోకి మార్చి నిండా నీళ్లు పోసి కలిపి, ఒక నిమిషం ఆగండి. తొక్క, గుజ్జు, తాలు గింజలు పైకి తేలతాయి. గట్టి గింజలు అడుగుకు చేరతాయి. పైది వంచేయండి. నీళ్లు తేటపడేదాకా ఇలాగే చేయాలి.
4. అడుగున మిగిలినవి టీ జాలీలో వడకట్టి, కాగితం మీద నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టండి. ఎండలో వద్దు, ఓవెన్ అసలే వద్దు.

సాస్కటూన్ గింజ చిన్నది, గోధుమ రంగులో ఉంటుంది. తెల్లగా, పలచగా ఉన్నవి ముదరనివి, తీసేయండి. వెంటనే చలి పెట్టే ఉద్దేశం లేకపోతే బాగా ఆరిన గింజలను కాగితపు కవరులో వేసి, మూత గట్టిగా ఉన్న సీసాలో ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు. మళ్లీ చెబుతున్నా, ఇది నిల్వ మాత్రమే. చలి లెక్క గింజ తడిసిన రోజు నుంచే మొదలవుతుంది.

చలి పెట్టడం: ఫ్రిజ్ పద్ధతి

ముందు క్యాలెండరు తీయండి, వెనక నుంచి లెక్కపెట్టండి. ప్రైరీ (కెనడా గడ్డి మైదానాల) ఊళ్లలో లేత మొక్కలు బయటికి వెళ్లేది విక్టోరియా డే, అంటే మే 25కి ముందు వచ్చే సోమవారం, దాటాకే. అప్పటికి మొక్కకు రెండు నెలల వయసుండాలంటే మార్చి మధ్యలో మట్టిలో పడాలి. సాస్కటూన్‌కు నాలుగు నెలల చలి అనుకుంటే నవంబరు 15న మొదలుపెడితే 120 రోజులకు మార్చి 15 వస్తుంది. కొన్ని గింజలకు ఆరు నెలల దాకా పట్టవచ్చు. అక్టోబరు మొదట్లోనే మొదలుపెడితే ఇంకా నిశ్చింత.

గింజలను ఒక రోజు మంచినీళ్లలో నానబెట్టండి. బూజు భయం ఉంటే మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కొన్ని నిమిషాలు ఉంచి కడిగేయవచ్చు. తర్వాత వర్మిక్యులైట్‌గానీ (తడి పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు) కడిగిన ఇసుకగానీ తీసుకుని తడపండి. పిడికిట్లో పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. విత్తనమంటే నీళ్లు బాగా ఉండాలనుకుంటారు, గింజ గాలాడక కుళ్లుతుంది. గింజలకు మూడు నాలుగు రెట్లు వర్మిక్యులైట్ కలిపి జిప్ కవరులో వేసి, లోపల కాస్త గాలి ఉంచి మూయండి. పేరు, ఎక్కడి గింజ, ఏ రోజు పెట్టారు అనేవి ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి లోపలే వేయండి. ఇంకు తడికి కారిపోతుంది. బయట మాత్రం పెద్ద అక్షరాలతో "తినేది కాదు" అని రాయడం మంచిది. పెరుగు, కొత్తిమీర, ఇడ్లీ పిండి మధ్య నాలుగు నెలలు ఉండబోయే కవరు అది. ఎవరో ఒకరు పారేస్తారు.

ఫ్రిజ్ వెనక గోడకు ఆనించకండి, అక్కడ గడ్డకడుతుంది. రెండు వారాలకోసారి కవరు తెరిచి చూడండి. తడి తగ్గితే నాలుగు చుక్కలు వేయండి. బూజు కనిపిస్తే గింజలు కడిగి కొత్త వర్మిక్యులైట్‌లోకి మార్చండి, చలి లెక్క ఆగదు. సాస్కటూన్‌తో ఇంకో చిక్కు ఉంది. చలి తీరిన గింజ ఫ్రిజ్‌లోనే, చీకట్లోనే తెల్లటి వేరు చాపేస్తుంది. మూడో నెల దాటాక వారానికోసారి చూస్తూ, వేరు వచ్చినవాటిని వెంటనే మట్టిలోకి మార్చాలి. వేరు పొడవైతే మార్చేటప్పుడు విరుగుతుంది.

చలి తీరాక మొలిపించే చోటు మరీ వెచ్చగా ఉండకూడదు. 15 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది. మిరప నారుకు పెట్టే హీట్ మ్యాట్ మీద వీటిని పెడితే గింజ మళ్లీ నిద్రలోకి జారుకునే ప్రమాదం ఉంది. అలా జరిగితే చలి మొదటి నుంచి పెట్టాలి.

చలి పెట్టడం: బయటి పద్ధతి

ఇందులో శ్రమ తక్కువ, కాపలా ఎక్కువ. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో లోతైన కుండీల్లో గింజలు వేసి, అర సెంటీమీటరు ముతక ఇసుక కప్పి, కుండీలను అంచుల దాకా నేలలో పాతేయండి. ఇంటికి ఉత్తరం వైపు నీడ ఉన్న చోటు మంచిది. కాల్గరీ వాళ్లకు ఈ మాట ఇంకా ముఖ్యం. రాకీ పర్వతాల మీదుగా వచ్చే వెచ్చని చినూక్ గాలి వీచినప్పుడు జనవరిలో కొన్ని గంటల్లోనే మైనస్ 20 నుంచి ప్లస్ 8కి ఎగబాకుతుంది. ఎండ తగిలే కుండీ కరిగి, ఎండి, మళ్లీ గడ్డకడుతుంది. పైన అంగుళంలో నాలుగో వంతు కన్నం ఉన్న ఇనుప జాలీ బిగించండి, లేకపోతే ఎలుకలు, ఉడతలు గింజలన్నీ ఏరుకుపోతాయి. ఆపైన మంచు పడితే తీయకండి, వీలైతే ఇంకొంచెం ఎత్తిపోయండి. మంచే అక్కడ దుప్పటి.

మార్చి, ఏప్రిల్‌లలో కరిగినప్పటి నుంచి కుండీ ఎండకుండా చూడాలి. కొన్ని మే నెలలో మొలుస్తాయి, కొన్ని మొలవవు. మొలవని కుండీని పారేయకండి. చలి చాలని గింజ ఇంకో శీతాకాలం కోసం ఆగుతుంది. ఫ్రిజ్ పద్ధతిలో మొక్కలు కొంత ముందుంటాయి. బయట మొలిచినవి మొదటి నుంచే గట్టిగా ఉంటాయి. వీలుంటే గింజల్లో సగం ఇటు, సగం అటు వేయండి.

హైబుష్ క్రాన్‌బెర్రీ, నానీబెర్రీ: ముందు వెచ్చదనం, తర్వాత చలి

ఈ రెండూ వైబర్నమ్ జాతివి. పేరులో క్రాన్‌బెర్రీ ఉన్నా దుకాణంలో దొరికే క్రాన్‌బెర్రీతో హైబుష్‌కు చుట్టరికం లేదు. వీటి గింజ రెండు విడతలుగా నిద్ర లేస్తుంది. వెచ్చగా ఉన్నప్పుడు వేరు వస్తుంది. ఆ వేరు ఉన్న గింజకు చలి తగిలాకే పైన చిగురు వస్తుంది. క్రమం తిరగబడితే ఏమీ జరగదు. సెప్టెంబరులో బయట వేసిన గింజ తర్వాతి వసంతంలో ఉలకదు. ఆ వేసవిలో నేల కింద వేరు వేస్తుంది. ఇంకో శీతాకాలం గడిచి, రెండో వసంతంలో ఆకు చూపిస్తుంది. కుండీలో మొలవలేదని చాలామంది పారబోసేది సరిగ్గా వేరు వచ్చిన గింజలనే.

ఇంట్లో ఈ పనిని ఆరు నెలల్లో ముగించవచ్చు. సెప్టెంబరు మధ్యలో పండ్లు కోసి, గింజ శుభ్రం చేసి, తడి వర్మిక్యులైట్ కవరులో వేసి 20 నుంచి 25 డిగ్రీలున్న చోట, వంటింటి అల్మారా పైన పెట్టండి. చాలావాటికి డిసెంబరు మధ్యకల్లా తెల్లటి వేరు కనిపిస్తుంది. అప్పుడు కవరును అలాగే ఫ్రిజ్‌లోకి మార్చండి. మూడు నెలలు. మార్చి మధ్యలో జాగ్రత్తగా ఒక్కో గింజను వేరు కిందికి ఉండేలా కుండీలో పెడితే చిగురు వస్తుంది. వేరు రాని గింజలను ఫ్రిజ్‌లోకి పంపకండి, అల్మారా మీదే ఉంచండి. మానిటోబా, మిన్నెసోటా వైపు పెరిగే నానీబెర్రీకి ఈ వెచ్చని విడత ఇంకా ఎక్కువ, ఐదు నెలలు దాటొచ్చు.

హైబుష్ గింజకు కోసేటప్పుడు పొదను సరిగ్గా గుర్తుపట్టాలి. ఊళ్లలో అందానికి వేసిన యూరప్ రకం అచ్చం అలాగే ఉంటుంది, పండు మాత్రం చేదు. ఆకు కాడ మీద, ఆకు మొదలుకు దగ్గర చిన్న బుడిపెలు ఉంటాయి. యూరప్ రకంలో వాటి నడిమి గుంట పడి ఉంటుంది, ఇక్కడి రకంలో పైభాగం చదునుగానో కాస్త ఉబ్బుగానో ఉంటుంది. భూతద్దం పట్టుకెళ్లేంత ఓపిక లేకపోతే ఒక పండు నోట్లో వేసుకుని చూడండి, తెలిసిపోతుంది.

బఫెలోబెర్రీ

రెండు రకాలున్నాయి. దక్షిణ ప్రైరీల నది ఒడ్డున పెరిగే వెండి ఆకుల ముళ్ల రకం ఒకటి. కొండల వైపు కనిపించే ముళ్లు లేని రకం ఇంకొకటి, దాన్నే సోప్‌బెర్రీ అంటారు. దాని పండులో కుంకుడుకాయలో ఉండేలాంటి సపోనిన్లు ఉంటాయి, గిలక్కొడితే నురుగు వస్తుంది. బ్రిటిష్ కొలంబియా ఆదివాసీలు ఆ నురుగును తీపి కలిపి తింటారు. మన నాలుకకు చేదు అనిపించవచ్చు, ఎక్కువ తింటే కడుపు ఊరుకోదు.

సోప్‌బెర్రీ గింజ పెంకు గట్టిది. నర్సరీ ప్రయోగశాలల్లో దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పలచబరుస్తారు. ఇంట్లో ఆ పని ఎంతమాత్రం వద్దు. ఒక చిన్న సీసా లోపలి గోడకు గరుకు కాగితం అంటించి, గింజలు వేసి మూతపెట్టి, పెంకు మెరుపు పోయేదాకా గిలక్కొట్టండి. తర్వాత రెండు మూడు నెలల చలి. వెండి రకానికి గరుకు కాగితం లేకుండా చలి ఒక్కటే సరిపోతుంది.

ఈ మొక్క వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. కుండీ మట్టిలో అది ఉండదు కాబట్టి పెద్ద బఫెలోబెర్రీ పొద కింది మట్టి ఒక గుప్పెడు తెచ్చి కలపండి. మగ, ఆడ మొక్కలు వేరు. పూసేదాకా ఏది ఏదో తెలియదు. ఆరు మొక్కలు నాటితే అన్నీ ఒకే లింగం అయ్యే అవకాశం 32లో ఒకటి. అంతకన్నా తక్కువ నాటొద్దు. పూశాక ఒక మగ మొక్కను ఉంచుకుని మిగతా మగవాటిని తీసేయవచ్చు.

మొలక నుంచి మొక్క దాకా

పీట్ (కుళ్లిన నాచు), పెర్లైట్ (తెల్లటి తేలిక పలుకులు) కలిపిన మట్టి వాడండి, పెరటి మట్టి కుండీలో గట్టిపడుతుంది. కుండీ వెడల్పు కన్నా లోతు ముఖ్యం. సాస్కటూన్‌ను అర సెంటీమీటరు లోతున పెట్టాలి. మొలకలు నేల దగ్గర నల్లబడి వాలిపోతుంటే అది నారుకుళ్లు. మందు కన్నా చిన్న ఫ్యాను బాగా పనిచేస్తుంది. నీళ్లు పైనుంచి పోయకుండా కింద పళ్లెంలో పోసి పీల్చుకోనివ్వాలి. మార్చిలో కిటికీ వెలుతురు చాలదు. మొక్కలకు అరచేయంత ఎత్తులో ఎల్‌ఈడీ లైటు రోజుకు 16 గంటలు ఉంచండి. నిజమైన ఆకులు రెండు జతలు వచ్చాక 20-20-20 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్నది) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో పావు వంతు చాలు.

మే చివర్లో బయటికి తీసేటప్పుడు వారం పది రోజులు అలవాటు చేయాలి. మొదట నీడలో రెండు గంటలు, రోజురోజుకు పెంచుతూ పోవాలి. ప్రైరీ గాలి ఎండకన్నా ఎక్కువ దెబ్బతీస్తుంది.

జులై చివరికి ఎరువు ఆపేయండి. ఆగస్టులో నీళ్లు కూడా తగ్గించండి. ఇక ఎదగడం ఆపు, చలికి సిద్ధపడు అని మొక్కకు చెప్పే పద్ధతి అదొక్కటే.

మొదటి శీతాకాలం

ఇక్కడి తెలుగువాళ్లకు సెప్టెంబరు వచ్చిందంటే కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చుకోవడం అలవాటు. ఆ చేత్తోనే బెర్రీ పిల్లలనూ లోపలికి తెచ్చేస్తారు. తేకండి. వీటికి శీతాకాలపు విశ్రాంతి లేకపోతే వసంతంలో మొగ్గ సరిగ్గా విచ్చుకోదు, మొక్క క్షీణిస్తుంది. బయటే ఉండాలి, వేళ్లు మాత్రం కాపాడాలి. నేలపైన నిలబెట్టిన కుండీలో మట్టి అన్ని వైపుల నుంచీ గడ్డకట్టి వేళ్లు చచ్చిపోతాయి. అక్టోబరులో కుండీలను నేలలో పాతి, బాగా నీళ్లు పోసి, నేల గడ్డకట్టాక పైన ఎండుటాకులు లేక గడ్డి పరవండి. ముందే పరిస్తే ఎలుకలు కాపురం పెడతాయి.

నేలలో నాటడం

రెండో ఏడు వసంతంలో అసలు చోటుకు మార్చండి. సాస్కటూన్‌కు ఆరు గంటల ఎండ, నీళ్లు నిలవని నేల చాలు. మొక్కకు మొక్కకు ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్లు ఉంచండి. మొదటి మూడేళ్లు ప్రధాన శత్రువు పచ్చగడ్డి, నీళ్లన్నీ అదే తాగేస్తుంది. చుట్టూ మీటరు వెడల్పున గడ్డి లేకుండా చెక్క పొట్టు పరవండి, కాండానికి తగలనివ్వకండి.

కుందేళ్లు, మంచు కింద తిరిగే వోల్ ఎలుకలు బెరడు చుట్టూ కొరికేస్తే మొక్క పోయినట్టే. ఇనుప జాలీ గొట్టంలా చుట్టి, అడుగు అంచు కాస్త నేలలోకి దించండి. ఎత్తు కొలిచేటప్పుడు మంచు మట్టం నుంచి కొలవాలి. అరమీటరు మంచు మీద నిలబడిన కుందేలుకు అరమీటరు జాలీ అడ్డం కాదు.

పక్కింట్లో జూనిపర్ పొదలు (ఎప్పుడూ పచ్చగా ఉండే సూదాకుల పొదలు) ఉంటే సాస్కటూన్ ఆకుల మీద పసుపు మచ్చలు, పండ్ల మీద నారింజ రంగు ముళ్లలాంటివి వస్తాయి. ఈ తుప్పు తెగులు రెండు మొక్కల మధ్య తిరుగుతుంది. మీ జూనిపర్ మీద గడ్డలు కనిపిస్తే వసంతానికి ముందే కత్తిరించండి. పక్కింటివాళ్లదైతే పండ్లలో కొంత నష్టం ఒప్పుకోవాల్సిందే.

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో పెంచొచ్చా అని ఫోన్‌లో అడిగే చుట్టాలకు నా జవాబు, వద్దు. గింజ ఫ్రిజ్‌లో మొలవొచ్చు, కానీ మొక్కకు ఏటా నెలల తరబడి చలి కావాలి. లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి దిగినా సరిపోదు. పైగా విత్తనాలను దిగుమతి అనుమతి లేకుండా భారత్‌కు తీసుకెళ్లకూడదు. అక్కడి నుంచి కెనడాకు తేవాలన్నా నిబంధనలున్నాయి.

కాపు

హాస్కాప్ మూడు నాలుగేళ్లకు, సాస్కటూన్ మూడు నుంచి ఐదేళ్లకు మొదటి పండ్లు చూపిస్తాయి. సాస్కటూన్ నిండుగా కాయడానికి ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది. హాస్కాప్ రంగు తిరిగిన వెంటనే పుల్లగా ఉంటుంది, వారం పది రోజులు ఆగితే తీపి వస్తుంది. అన్ని రోజులు పిట్టలు ఆగవు కాబట్టి రంగు మారకముందే వల కప్పాలి. బఫెలోబెర్రీని తొలి మంచు తగిలాక కోయండి, వగరు తగ్గుతుంది. ముళ్ల రకమైతే కింద దుప్పటి పరిచి కొమ్మను కర్రతో తట్టడమే సుఖం.

హైబుష్ పండు పులుపు పప్పుకు బాగా కుదురుతుంది. అమెరికాలో మనవాళ్లు క్రాన్‌బెర్రీ పప్పు చేసుకున్నట్టే చేయొచ్చు. ఒక కప్పు పండ్లు కొద్ది నీళ్లలో ఉడికించి, జల్లెడలో రుద్ది గింజలు తీసేసి, ఆ రసం ఉడికిన కందిపప్పులో చింతపండుకు బదులు కలిపి, ఇంగువ, ఎండుమిర్చి తిరగమోత పెట్టాలి. ఉడికేటప్పుడు విడిచిన సాక్సు వాసన వస్తుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, పప్పులోకి ఆ వాసన పెద్దగా రాదు.